పెరటి కీరదోస – పంచాయతీకి గల పని

(గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశము అనగానే బాటలు, వీధిదీపములు, మోరీలు, పన్నుల వసూలు జ్ఞప్తికి వచ్చుట సహజము. కీరదోసకాయను గూర్చి మాట్లాడుటకు ఇంతమంది పెద్దలను కూర్చుండబెట్టనేల యని మీలో కొందరికి తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. ఆలోచించిన కొలది ఇది పెరటిలోని ఆడవారి పని మాత్రమే కాదనియు, సగము పంచాయతీ పనియే యనియు తెలిసివచ్చినది.

కారణము చిన్నది. బీర, సొర, చిక్కుడు, వంకాయ మొదలగు కూరగాయలన్నియు పొయ్యి ఎక్కిన తరువాతనే కంచములోనికి వచ్చును. మంట మీద ఉడుకునప్పుడు వాటితో వచ్చిన క్రిములు చాలవరకు నశించును. కీరదోసకు ఆ రక్షణ లేదు. కోసి, కడిగి, ఉప్పు చల్లుకొని తినుటయే దాని వాడుక. కనుక ఆ తీగకు ఏ నీరు పెట్టితిమి, ఏ పెంట వేసితిమి, ఏ మందు చల్లితిమి అన్నది నేరుగా బిడ్డల నోటిలోనికి పోవు విషయము. ఊరి నీటి మంచిచెడ్డలు మీ చేతిలో నున్నవి గదా!

ఇది ఊరక భయపెట్టుటకు చెప్పుమాట కాదు. 2024వ సంవత్సరము వేసవిలో అమెరికా దేశమున కీరదోసకాయలు తినుట వలన ఐదు వందల మందికి పైగా సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి సోకి విరేచనములతోను జ్వరముతోను బాధపడిరి. నూట యాభై మందికి పైగా ఆసుపత్రులలో చేరవలసి వచ్చినది. అక్కడి ఆహార పరిశీలనాధికారులు కాయలు వచ్చిన త్రోవను వెదకుచు పోగా ఫ్లోరిడా రాష్ట్రములోని ఒక తోట కనబడినది. ఆ తోటకు శుద్ధిచేయని కాలువనీరు పెట్టుచుండిరి. రోగులలో కనబడిన జాతి క్రిమియే ఆ నీటిలోను దొరికినది. అన్ని పరీక్షలు, అన్ని యంత్రములు గల దేశమునందే ఇట్లు జరిగినదనిన, మోరీ ప్రక్కన దోసగుంట త్రవ్వుకొను మన ఊళ్ళ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

2011లో జర్మనీ దేశమున ఇంతకంటె పెద్ద ఉపద్రవము జరిగినది. యాభై మందికి పైగా మరణించిరి. అక్కడి అధికారులు తొలుత స్పెయిన్ దేశపు కీరదోసపై అనుమానము చెప్పిరి. స్పెయిన్ రైతుల కాయలు కొనువారు లేక పారబోయబడినవి. తీరా విచారింపగా దోషము దోసది కాదు. మెంతుల మొలకలది అని తేలినది. పచ్చిగా తిను కాయ గనుక మొదట వ్రేలు దానివైపే పోయినది. మన మండలముల నుండి సంతకు కీర తీసికొనిపోవు రైతులు ఈ సంగతి మరువరాదు. తన నీరు ఎక్కడిదో గట్టిగా చెప్పగలవానికే అట్టి సమయమున గౌరవము దక్కును.

ఇక మన ఊళ్ళకు వత్తము. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలు పునర్విభజింపబడినవి. ఇక్కడ కరీంనగరు, ఆదిలాబాదు అని మేము అనునప్పుడు జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల, మంచిర్యాల, ఆసిఫాబాదు ప్రాంతములు కూడ అందులో చేరియున్నవని గ్రహింపవలెను. ఆ సంవత్సరమే ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము వలన గోదావరి పరీవాహక జలాశయముల నీరు శుద్ధిచేయబడి గొట్టముల ద్వారా ఇంటింటికి చేరు ఏర్పాటు జరిగినది. ఎంతో ధనము వెచ్చించి శుద్ధిచేసిన ఆ నీరు మన వీధులలో ఏమగుచున్నది? పెక్కు ఇండ్లలో నల్లాకు మూత ఉండదు. బిందె నిండిన తరువాత నీరు వాకిట పారి మోరీలో కలియును. అదే ఇంటివారు సాయంకాలము మోరీకి అడ్డుకట్ట వేసి ఆ నీటిని పెరటిలోని పాదులకు మళ్ళించుకొందురు. అనగా ఊరిలో అన్నిటికంటె మంచినీరు మోరీకి, అన్నిటికంటె చెడ్డనీరు కీరకు! ఈ తలక్రిందుల వ్యవహారమును సరిచేయుటకు కొత్త పథకము అక్కరలేదు. నల్లాకు మూత బిగించుట, బావిగచ్చు నుండియు నల్లా దిమ్మె నుండియు పెరటి వరకు చిన్న పిల్లకాలువ తీయుట చాలును.

పెరటికి పోవు నీరంతయు ఒక్కటి కాదు. మూడు విధములుగా దీనిని విభజించుకొనుట మేలు. బావినీరు, నల్లా వద్ద పొర్లు నీరు కీరకు, ఉల్లికి, కొత్తిమీరకు, టమాటకు పోవలెను. అంట్లు తోమిన నీరు, స్నానము చేసిన నీరు అరటికి, బొప్పాయికి, మునగకు, కరివేపకు పోవచ్చును. వాటి కాయ గాని ఆకు గాని నేలకు తగులదు. మరుగుదొడ్డి గుంట నుండి ఊరు నీరు, వీధిమోరీ నీరు మాత్రము తినెడి మొక్క దేనికిని పెట్టరాదు. మరుగుదొడ్డి గుంటకు పది అడుగుల దూరములోనే దోసపాదు పెట్టిన ఇండ్లను మేము చూచియున్నాము. తీగ మహా బలముగా ఉండును. ఆ బలము చూచి మురిసిపోవరాదు.

పెంట విషయము కూడ ఇట్టిదే. పచ్చి పేడ, కొత్త పెంట పాదులో వేయరాదు. నాలుగు మాసములు మాగి, మట్టివాసన వచ్చిన పెంటనే వాడవలెను. కోళ్ళగూటి పెంటకు ఈ నియమము మరింత వర్తించును. తీగను నేల మీద ప్రాకనీయక పందిరిపైకి గాని, దడిపైకి గాని ఎక్కించినచో కాయ మట్టికి తగులదు, కుళ్ళు తగ్గును, కాయ వంకర పోదు. పందిరికి ప్రత్తికట్టె చాలును. ఆదిలాబాదు ప్రాంతమున ప్రత్తికట్టెను చేనులోనే తగులబెట్టుచున్నారు. దానిలో ఒక మోపు పెరటికి తెచ్చుకొన్నను పందిరికి సరిపోవును.

ఇప్పుడు కాయ సంగతి. మనము పప్పులోను, పచ్చడిలోను, దోసావకాయలోను వేసికొను పసుపుపచ్చని గుండ్రని దోస వేరు. లేతగా, ఆకుపచ్చగా, పొడుగుగా నుండి పచ్చిగా తినబడు కీర వేరు. ఉర్దూ మాట ఖీరా నుండి మనకు ఆ పేరు వచ్చినది. సరిహద్దున మరాఠీ మాటలాడువారు కాకడీ అందురు. ఈ కాయ పుట్టినిల్లు మన దేశమే. హిమాలయ పర్వతపాదములందు దీని అడవి బంధువు చేదుకాయలు కాయుచు నేటికిని పెరుగుచున్నది. ఈ చేదు సంగతి ముందు చెప్పెదము.

రకములలో జపనీస్ లాంగ్ గ్రీన్, స్ట్రెయిట్ ఎయిట్, పాయిన్‌సెట్, పూసా ఉదయ్ అనునవి విత్తనము ఇంట కట్టుకొనుటకు వీలైనవి. పూసా సంయోగ్ మొదలగు హైబ్రిడ్ రకములు కాపు ఎక్కువ యిచ్చును గాని, వాటి కాయలోని విత్తనము మరుసటి యేడు వేసినచో అదే గుణము రాదు. హుజూరాబాదు, జమ్మికుంట ప్రాంతముల రైతులు వరిలో హైబ్రిడ్ విత్తనోత్పత్తి చేయువారు. వారికి ఈ సంగతి మేము చెప్పుట తాతకు దగ్గులు నేర్పినట్లగును. దుకాణములో పాలీహౌసులకై ఉద్దేశింపబడిన గింజ లేని కీర విత్తనము కూడ అమ్మబడుచున్నది. దాని ధర ఎక్కువ. పెరటికి దాని అవసరము లేదు.

కాలమును గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. ఏలనన ఇక్కడనే మనవారు ఎక్కువగా పొరబడుచున్నారు. కీర చలికి ఓర్వదు, మండుటెండకు ఓర్వదు. ఆదిలాబాదులో పుష్యమాసపు రాత్రులందు ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు జారుట సాధారణము. ఆ చలిలో నాటిన విత్తనము మొలవక నేలలోనే కుళ్ళును. ‘విత్తనము మంచిది కాదు’ అని దుకాణదారును తిట్టుదురు. ఇక మార్చి మాసమున నాటినచో తీగ పూతకు వచ్చువేళకు జగిత్యాల, రామగుండము ప్రాంతములలో ఎండ నలుబది దాటును. పూత రాలును, కాయ చేదెక్కును. కావున జనవరి చివరి వారము మొదలు ఫిబ్రవరి నడుమ వరకు గల మూడు వారములే వేసవి కీరకు తగిన అదను. కరీంనగరు వైపు కొంచెము ముందుగను, ఆదిలాబాదు వైపు కొంచెము వెనుకగను నాటవలెను. నాటిన నలుబదియైదు, ఏబది దినములకు తొలికోత వచ్చును. ఉగాదికి, శ్రీరామనవమికి కాయ చేతికందును. వానకాలపు పంటకు జూన్, జూలై మాసములు మంచివి.

నేలలు మనకు రెండు తెరగులు. కరీంనగరు వైపు ఎర్ర చెల్కలు. నీరు నిలువదు గాన పాదు నేలమట్టమున నున్నను చాలును, కాని తరచు తడి పెట్టవలెను. ఆదిలాబాదు రేగడిలో వానకాలమున నీరు నిలిచి వేరు ఊపిరాడక చచ్చును. అక్కడ జానెడు ఎత్తు మట్టి పోసి దిబ్బ మీద నాటవలెను. గుంట మూరెడు వెడల్పు, మూరెడు లోతు ఉండవలెను. త్రవ్విన పైమట్టిలో రెండు తట్టల మాగిన పెంట, ఒక గుప్పెడు వేపపిండి కలిపి నింపి, ఒక తడి ఇచ్చి వదలవలెను. ఒక రాత్రి నానిన విత్తనములు నాలుగేసి, వ్రేలి కణుపు లోతున పెట్టి, మొలచిన తరువాత బలమైన రెండింటినే ఉంచి తక్కినవి తీసివేయవలెను. ఈ తీసివేయుట మన ఇల్లాండ్రకు మనసొప్పదు. నాలుగింటిని ఉంచి నాలుగింటిని పస్తులుంచుట కంటె రెండింటిని పెంచుట మేలు.

ఐదుగురు గల ఇంటికి ఆరు గుంటలు చాలును. ఆరింటిని ఒకే దినమున నాటరాదు. మూడు నాటి, రెండు వారములు ఆగి మూడు నాటవలెను. లేనిచో పదిదినములు ఊరంతయు పంచిపెట్టునంత కాయ, ఆపైన ఒక్కటియు లేకుండుట తటస్థించును.

తీగకు తొలుత వారము పదిదినములు పూసినవన్నియు మగపూలే యగును. ‘గొడ్డుతీగ’ యని పెరికివేసినవారిని మేమెరుగుదుము. ఆడపూవు వెనుక నుండి వచ్చును. దాని తొడిమ వద్ద చిటికెన వ్రేలంత పిందె పుట్టుకతోనే కనబడును. మగపూవులోని పుప్పొడిని ఆడపూవునకు చేర్చునది తేనెటీగ. ఆ పని ఉదయముననే జరుగును. ఉదయము మందు చల్లినచో చచ్చునది పురుగు కాదు, ఈ పనివాడు. తేనెటీగలు తక్కువైన చోట కాయ ఒక కొన లావు, ఒక కొన సన్నముగా వంకర తిరుగును. అప్పుడు మగపూవును కోసి, రేకులు తీసి, ఆడపూవు మీద మెల్లగా తాకించినచో సరిపోవును. ఈ పని బడిపిల్లలకు నేర్పి చూడుడు. వారు దీనిని ఎంతో ఉత్సాహముగా చేయుదురు.

పురుగుమందుల విషయమున మేము కొంచెము కఠినముగా మాట్లాడెదము. పెరటి కీరకు ఘాటైన మందులు వలదు. లేతమొక్కపై వచ్చు ఎర్రని పెంకుపురుగును తెల్లవారుజామున మంచులో చేతితో ఏరివేయవచ్చును; ఆకులపై పొయ్యి బూడిద చల్లవచ్చును. మరి తగ్గనిచో వేపనూనె లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్లు, కొంచెము సబ్బునురుగుతో కలిపి సాయంకాలము చల్లవలెను. పండు ఈగ కుట్టిన కాయలను ఏరి లోతుగా పూడ్చవలెను. చెత్తకుప్పపై పారవేసినచో పురుగు మట్టిలో చేరి మరల ఈగయై వచ్చును. జగిత్యాల మామిడి తోటలకు కట్టు మిథైల్ యూజినాల్ ఎరబుట్ట దోసజాతి పండు ఈగకు పనిచేయదు. దీనికి క్యూలూర్ అను ఎర వేరుగ కలదు. ఈ భేదము తెలియక రెండేండ్లు తప్పు బుట్ట కట్టి, మందు మీద నమ్మకము పోగొట్టుకొన్న ఊళ్ళు ఉన్నవి. గంధకపు పొడి దోసజాతి ఆకును మాడ్చును; బూడిద తెగులునకని దానిని చల్లరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పంపు. చేనులో ప్రత్తికి కొట్టిన పంపునే పెరటికి తెచ్చుట మనవారికి అలవాటు. కూరగాయలపై మోనోక్రోటోఫాసును కేంద్రప్రభుత్వము 2005లోనే నిషేధించినది. ప్రత్తికని ఇంటికి వచ్చిన అట్టి మందు పంపు అడుగున మిగిలి, తెలియకయే కీర మీద పడినచో, రెండు దినములలో ఆ కాయ పిల్లవాని చేతిలో ఉండును. ఇక గడ్డిమందు పంపు మాట చెప్పనే వలదు. ఒకయేడు మా యింటనే మక్కచేనుకు 2,4-డి కొట్టిన పంపును రెండుసార్లు కడిగి, శుభ్రమైనదని తలచి, దానితో పెరటికి వేపనూనె చల్లితిమి. మూడవ దినమునకు తీగల కొసలు గొంగళిపురుగువలె చుట్టుకొని పోయినవి. ఆకులు విసనకర్రవలె ముడుచుకొన్నవి. ఆరు గుంటలలో ఒక్కటియు మిగులలేదు. నాటినుండి పెరటికి చిన్న చేతిపంపు వేరుగ ఉంచుకొన్నాము. దాని ధర ఒక వారపు కూరగాయల ఖర్చు కంటె ఎక్కువ కాదు.

చేదు మాటకు వత్తము. కీరలో చేదు పుట్టించు పదార్థము ఆకులలోను, తొడిమ వైపునను, తోలు క్రిందను ఎక్కువగా ఉండును. నీరు చాలనప్పుడు, ఎండ మిక్కుటమైనప్పుడు అది కాయలోనికి దిగును. కాకరపాదు ప్రక్కన నాటుట వలన కీర చేదెక్కునని కొందరందురు. అది నిజము కాదు; రెండింటికిని సంకరము కలుగదు. నాలుగు దినములు నీరు మరచి, ఐదవ దినమున బిందెలతో కుమ్మరించుటయే అసలు కారణము. పాదు చుట్టు వరిగడ్డి గాని ఎండుటాకులు గాని నాలుగు అంగుళముల మందమున పరచి, దినము విడిచి దినము ఉదయము మొదట్లో నీరు పెట్టినచో ఏప్రిల్ వరకు చేదు లేని కాయ తినవచ్చును. తల కోసి ఉప్పుతో రుద్ది నురుగు తీయుట మన తల్లుల ఆచారము. చేదు తొడిమ కొన యందు ఎక్కువ గనుక ఆ కొనను కొంచెము పెద్దదిగా కోయుటయే అందలి సారము. నురుగుకు పెద్ద మహిమ లేదని మా అభిప్రాయము. తలకోసినను చేదు పోనిచో ఆ కాయను పారవేయవలెను. పొదుపని తినినచో వాంతులు, విరేచనములు కలుగవచ్చును. వేములవాడ రాజన్న సన్నిధిని వినబడు మృత్యుంజయ మంత్రమున, పండిన దోస తొడిమ నుండి తనంత విడివడు ఉపమానము కలదు. కీరను అంతవరకు ఉంచరాదు. జానెడు పొడవు రాకమునుపే, తోలు ఆకుపచ్చగా నున్నప్పుడే కత్తితో కోయవలెను. ఒక్క కాయ తీగపై పండినను తీగ తక్కిన పిందెలను మానుకొనును. విత్తనమునకని ఉంచదలచినచో ఋతువు చివర ఒక మంచి తీగను దానికే వదలవలెను.

తినుటను గూర్చి మేము చెప్పవలసినది తక్కువ. మీ ఇండ్లలోని వారికి మాకంటె తెలియును. నవమినాటి వడపప్పులో కీర, మామిడి ముక్కలు కలుపుకొనుట మనకు కలదు. కరీంనగరు ముస్లిముల ఇండ్లలో ఉల్లి, టమాట, నిమ్మరసముతో చేయు కచుంబర్ కలదు. ఆదిలాబాదు, బేల వైపు మరాఠీ కుటుంబములు చేయు కోశింబీర్ మాత్రము మాకు మిక్కిలి నచ్చినది. కీరను సన్నగా తరిగి, వేయించిన పల్లీల పొడి, కొత్తిమీర, నిమ్మరసము కలిపి, ఆవాలు, జీలకర్ర, పచ్చిమిర్చి తిరగమోత పెట్టుదురు. ఉప్పు మాత్రము వడ్డించునప్పుడే వేయవలెను. ముందు వేసినచో నీరూరి చప్పబడును. జొన్నరొట్టెకు దీనికి మించిన జోడు లేదు.

ఐతే కీరకు లేని గొప్ప దానికి అంటగట్టరాదు. అందులో నూటికి తొంబదియైదు పాళ్ళు నీరే. ఎండలో చల్లబరచును, దాహము తీర్చును, నోటికి రుచి నిచ్చును, అంతే. రక్తము పట్టించు కాయ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున పదునైదు మొదలు నలుబదితొమ్మిది ఏండ్ల వయసు గల స్త్రీలలో సగముకంటె ఎక్కువ మందికి రక్తహీనత కలదు. అంగన్‌వాడీ పెరటిలో చోటు కొంచెమే ఉన్నచో మొదటి చోటు మునగకు, తోటకూరకు, పుంటికూరకు ఇవ్వవలెను. కీరకు దడి అంచు చాలును. కోశింబీరులోని నిమ్మరసము ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును గనుక ఒకే పూట రెండును వడ్డించుట తెలివి.

పంచాయతీగా మీరు చేయదగిన పనులు కొన్ని పైననే వచ్చినవి. తక్కినవి త్వరగా చెప్పెదము. 2018 పంచాయతీరాజ్ చట్టము గ్రామమునకు నర్సరీ పెంచు బాధ్యతను పంచాయతీకి అప్పగించినది. టేకు, వేప సంచుల మధ్య జనవరిలో నూరు చిన్న సంచులలో కీర విత్తనము పెట్టి, రెండు మూడు ఆకులు రాగానే వేరు కదలకుండ ఇంటికి నాలుగేసి పంచవచ్చును. ముదిరిన నారు నాటినచో బ్రతుకదు. విడిచిన మేకలకు బందెలదొడ్డి ఉన్నది. దానిని వాడుట మీ ధైర్యము మీద ఆధారపడియున్నది. కోతుల సంగతి మేము తేలికగా చెప్పలేము. నిర్మల వద్ద 2020లో కోతుల సంరక్షణ కేంద్రము తెరువబడినను, మన ఊళ్ళలో వాటికి వెరచి పెరటిసేద్యమే మానుకొన్నవారు ఎందరో కలరు. ఇంటి గోడకు ఆనించి, పైన పాత చేపలవల కప్పిన పందిరి కొంతవరకు నిలిచినది. అంతకుమించిన ఉపాయము మేము చూడలేదు.

జాతరల మాట కూడ ఒకటి కలదు. కేస్లాపూరు నాగోబా జాతరలోను, వేములవాడ శివరాత్రి జాతరలోను, బస్సులు ఆగు ప్రతి కూడలిలోను కోసిన కీర ముక్కలు ఉప్పుకారముతో అమ్ముదురు. మీ ఊరి హద్దులో అమ్మువాడు అడిగినప్పుడే కోయవలెననియు, ముక్కలపై బక్కెట్టు నీరు చిలకరింపరాదనియు, నల్లా నీటితోనే కాయను కడుగవలెననియు ముందుగా చెప్పుడు. వానికి ఒక నల్లా చూపకుండ ఈ మాట చెప్పినచో ఫలము లేదు. చోటు కేటాయించునప్పుడే నీరున్న చోటు కేటాయింపవలెను.

సందేహములున్నచో జమ్మికుంట, రామగిరిఖిల్లా, బెల్లంపల్లి, ఆదిలాబాదు కృషి విజ్ఞాన కేంద్రములలోను, జగిత్యాల పొలాస పరిశోధనా స్థానములోను అడుగవచ్చును. విత్తనము అక్కడ ఉన్నదా లేదా యని వెళ్ళుటకు ముందే విచారించి పొండు. ఇక సమావేశము ముగిసి ఇండ్లకు పోవునప్పుడు త్రోవలో మూత లేని నల్లాలు ఎన్ని ఉన్నవో లెక్కించి కార్యదర్శికి వ్రాయించుడు. జనవరి నెలాఖరునకు పాదు త్రవ్వవలెననిన ఆ పని ముందుగా జరుగవలసియున్నది.